లోపలి కుట్లు

ఐదో నెల.
బీరువా అద్దానికి తువ్వాలు కప్పి ఉంచానని
ఎవరూ గమనించలేదు.
ఆరేసిందిలే అనుకున్నారు.
విశాఖ ఉక్కలో ఏ గుడ్డ మాత్రం
ఒక్కరోజులో ఆరుతుంది గనుక.

ఒళ్ళంతా ఒకటే వాసన నాకు.
పాలు, పులిసిన పాలు, వాము,
అత్త చీకటితోనే హార్బరుకెళ్ళి తెచ్చి
వెల్లుల్లి దంచి వండే పాలసొర పిట్టు.
"తిను, పాలు పడతాయి."
పడ్డాయి.
పక్కవాటాలో పిల్లాడు ఏడ్చినా పడతాయి,
కుక్కరు కూతేసినా పడతాయి.
నైటీ మీద రెండు తడి బిళ్ళలు.
కొరియర్ కుర్రాడి ముందు
చేతులు కట్టుకునే సంతకం పెట్టడం
నేర్చుకున్నాను.

నూకరాజు మంచివాడే.
ప్లాంటులో నైట్ షిఫ్టు దిగొచ్చి
పాప గుడ్డలు పిండి ఆరేస్తాడు.
"బావున్నావే" అంటాడు,
కరెంటు బిల్లు కట్టేశానని చెప్పే గొంతుతో.
ఎవరితో అన్నాడా అని
నేను వెనక్కి తిరిగి చూశాను.

పొత్తిగుడ్డలకి పాతవేవైనా తియ్యమంటే
ట్రంకు పెట్టె అడుగున దొరికింది
నెమలికంఠం రంగు జాకెట్టు.
చింపుదామనే పట్టుకున్నాను.
ఎందుకో తొడిగి చూశాను.
మోచేతి దాకా వెళ్ళి ఆగిపోయింది చెయ్యి,
గేటు పడ్డాక బస్సు ఆగినట్టు.
ఎంత ఏడుపొచ్చిందంటే
పాప తన ఏడుపు మానేసి నన్ను చూసింది.

కంచరపాలెం మెట్టు మీద
రీచార్జి కొట్టు పక్కన, గొడుగంత నీడలో
ఎర్నమ్మక్క మిషను.
జాకెట్టు తిరగేసి, కళ్ళజోడు నెత్తికి తోసి
"సెయ్యెత్తమ్మా" అంది.

ఐదు నెలలుగా నన్ను తాకిన చేతులన్నీ
నానుంచి ఏదో ఒకటి తీసుకోవడానికే తాకాయి.
ఈ టేపు ఒక్కటే
ఎంతున్నావని అడిగి ఊరుకుంది.
అంకె పైకే చదివింది ఎర్నమ్మక్క.
కళ్ళు మూసుకున్నాను.

"ఏటి, సిగ్గా? ఇదిగో ఇటు సూడు."
లోపలి అంచున
మూడు కుట్లు, పక్కపక్కనే, రైలు పట్టాల్లా.
"నీ పెళ్ళికి కుట్టినప్పుడే ఎట్టేసినాను.
ఎప్పుడూ ఒకే కొలత మీద ఉండడానికి
నువ్వేటి, లైటు స్తంబానివా?"
బ్లేడుతో రెండు కుట్లు విప్పింది.
మూడోది ఉండనిమ్మంది.

విప్పిన చోట బట్ట వెలిసిపోలేదు.
ఎండ తగలని రంగు,
నాలుగేళ్ళ కిందటి అసలు నెమలి రంగు
సన్నటి గీతలుగా బయటికొచ్చింది.
నా పొత్తికడుపు మీదా ఉన్నాయి అలాంటి గీతలు.
వాటిని ఇన్నాళ్ళూ
వేరే పేరుతో పిలిచాను.

ఆ సాయంత్రం పాపకి నీళ్ళు పోసి
తుడవడానికి చేతికందింది
అద్దం మీది తువ్వాలే.
లాగాక, ఎదురుగా ఎవరో.
కళ్ళ కింద నలుపు, చెంపల మీద నునుపు,
జాకెట్టు నిండా మనిషి.
కాటుక వెతికాను. ఎండిపోయింది.
ఒక చుక్క కొబ్బరినూనె వేసి
గీకి గీకి పెట్టుకున్నాను.

బీచ్ రోడ్డు గోడ మీద కూర్చున్నాం.
పాపకి ఆకలికి వేళాపాళా లేదు.
కింది హుక్కులు రెండు తీసి పట్టాను.
పైట గాలికి లేచింది.
పట్టుకున్నాను గానీ
పరుగెత్తి పట్టుకోలేదు.
రెండో పక్క తడిసి
నెమలి రంగు మీద ముదురు మచ్చ ఒకటి,
ఈకకి కన్నున్నట్టు.
చేతులు కట్టుకోలేదు నేను.

మురీ మిక్చర్‌లో ఉల్లిపాయలు ఏరుకుంటున్న నూకరాజు
ఏరడం మానేశాడు.
ఏమీ అనలేదు.
"బావున్నావే" అని కూడా అనలేదు.
పొట్లం వంగి మరమరాలు ఒక్కొక్కటే
ఇసకలోకి రాలుతున్నాయి.
ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు నేను.

అతని గడ్డానికి ఉల్లిపాయ ముక్క ఒకటి అంటుకుని ఉంది.
చెప్పలేదు.
చూడనీ
కాసేపు.