నీటిరంగు

తాటిపాక సెంటర్లో
కొబ్బరి దింపుతాళ్ళమ్మే కొట్టు పక్కన నా కొట్టు.
రేషన్ కార్డు మీది ఫోటో తెస్తారు,
గోడకి సరిపడా మనిషి కావాలంటారు.

కళ్ళ దగ్గర ఎవరూ బేరమాడరు.
మీసం దగ్గరే ఆగిపోతారు.
"కొనలు కొంచెం పైకి లేపండి మాస్టారూ!"
లేపుతాను. నాదేం పోయింది.

కామందు గట్టు మీద కనపడితే
తువ్వాలుతో మూతి కప్పుకుని నిలబడే పాలేరు ఒకడుండేవాడు.
పోయాక కూతురొచ్చి అడిగింది.
చెవుల దాకా లాగాను.
నల్లరంగు గొట్టం ఆఖరికొచ్చేసింది.

రొయ్యల చెరువుల్లో మునిగినాయనకి మెలి తిప్పితే
వాళ్ళావిడ ఒప్పుకోలేదు.
"బ్యాంకోళ్ళు వచ్చెళ్ళాక దువ్వలేదండి,
వాలిందాన్ని వాలినట్టే ఉంచండి" అంది.

వరద తీసి, లంకల్లో ఒండ్రు నెర్రెలిస్తున్న రోజుల్లో
ధనరాజు వచ్చాడు. వెనకాల వాళ్ళమ్మ.
ఫోటో చూడగానే పోల్చుకున్నాను:
సవరం సత్తియ్య!
ముప్పై ఏళ్ళు రాణి వేషాలు కట్టిన మనిషి.
ఆయన పైట సవరించుకుంటే
ముందు వరసలో ఆడోళ్ళు తమ పైటలు చూసుకునేవారు.
పొద్దూ మాపూ గీసీ గీసీ
పైపెదవి మీద వెంట్రుక లేదు, పచ్చటి నీడ,
మొలకెత్తిన మూడోనాటి నారుమడిలా.

"మీసం పెట్టండి" అన్నాడు కొడుకు.
"గోడ మీదైనా మా నాన్న మగోడిలా ఉండాలి."

అతను బండి తిప్పడానికెళ్ళాడు.
ఆవిడ గుమ్మంలో ఆగింది.
"పెళ్ళిచూపులకీ నున్నగా గీసుకునే వచ్చాడండి.
మీసాలాయన్ని తీసుకొచ్చి ఇంట్లో పెడితే
నేనెవరనుకోను?"

ముఖమంతా నూనెరంగులతో వేశాను.
ఆ పచ్చనీడ ఒక్కదానికే రెండు రోజులు పట్టింది,
ఎన్ని రంగులు కలిపినా
ఓసారి బూజులా, ఓసారి దెబ్బ కమిలినట్టూ వచ్చేది.
కుదిరాక నెలరోజులు ఆరబెట్టాను.

మీసం మాత్రం నీటిరంగుతో పెట్టాను,
నూనె మీద జారిపోకుండా చుక్క సబ్బునీళ్ళు కలిపి.
బాగా వచ్చింది. దొరబాబు మీసం.
ధనరాజు దాన్ని చూసి, తనది తడుముకుని,
అడిగినంతా ఇచ్చాడు.

"అద్దం బిగించకండి,
పొడిగుడ్డతోనే తుడవాలి, తడి తగలకూడదు" అని
అతనికి రెండుసార్లు చెప్పాను,
ఆవిడకి వినపడేలా.

వాళ్ళిల్లు కాలవ గట్టునే.