నలభై మూడో సీస

పొద్దుగాల నుంచి నలభై రెండు సీసలు చూసిన.
చండూరువి పన్నెండు, నాంపల్లివి తొమ్మిది,
మిగిలినవన్నీ మర్రిగూడ దిక్కు బోర్లవి.
ఎర్రమందు కలిపి, గాజుగొట్టం పెట్టెల పెట్టి మూత వేస్తే
ఒక్క రంగు వెలుతురు నీళ్లల్ల దూరి అవతల తేలుతది.
ఎరుపు ఎంత పలచబడితే ఫ్లోరైడు అంత ఎక్కువ.
పోయిన రంగును లెక్కబెట్టుకుంట
ఇరవై ఆరేండ్ల సంది జీతం తీసుకుంటున్న.

పక్క టేబులు తస్లీమాది.
ఎమ్మెస్సీ ఫిజిక్సు, కాంట్రాక్టు నౌకరి,
మూడు నెలల జీతం బాకీ.
కరెంటు పోయి మిషిను ఆగినప్పుడల్లా
లాప్‌టాప్ తెరిచి గెలాక్సీలు చూస్తది.
బొమ్మలు కావు సారూ, అన్నది మొదటిరోజే.
గీతలు.
ఎక్కడో కొండ మీది దుర్భిణి పట్టిన చిటికెడు వెలుతురును
ఏ రంగుకా రంగు విప్పి ఆరేసిన గీతలు.
కంప్యూటరు తేల్చలేని మసకవాటిని
మనిషి కంటికి పంపిస్తరట.
రాత్రికి రెండు వందలు చూస్తది.
దానికి జీతం లేదు, బాకీ కూడా లేదు.

ఇవాళ వేలు పెట్టి చూపింది:
ఈ జంట గీతలు ఆక్సిజన్‌వి,
కవలల లెక్క ఆనుకునే ఉంటయి.
ఈ పొట్టిది హైడ్రోజన్.
చుట్టూ కొత్త చుక్కలు పుడుతుంటేనే వాయువు ఇట్ల వెలుగుతది.
కానీ ఏదీ ఉండాల్సిన చోట లేదు,
అన్నీ ఎరుపు దిక్కు జరిగి కూసున్నయి.
ఎంత జరిగితే అంత దూరం, అంత పాతది.
ఇది బయలెల్లి ఏడు వందల కోట్ల ఏండ్లు దాటింది సారూ,
అప్పటికి భూమే లేదు.

మర్రిగూడ సంగతి దేవుడెరుగు, అని నవ్విన.
తర్వాత నవ్వు రాలేదు.

పోయిన మంగళారం, తండా దాటినంక, ఎనిమిది వందల ఫీట్ల బోరు.
ఆ లోతుల ఉన్నయి నిరుటి వాన నీళ్లు కావు.
ఏ కాలంల కురిసి ఇంకినవో,
రాయిని నాకి నాకి
మోటరు పిలిస్తే పైకొచ్చినయి.
సీస పడుతుంటే ఈదమ్మ వచ్చింది,
నడుము వంగి, నేలతోని మాట్లాడుతున్నట్టు.
"నా పెండ్లప్పటి సంది సీసలు కొంటవోతున్నరు.
ఏమున్నదో ఒక్కడన్న మర్లొచ్చి చెప్పలే."
మూత బిగించిన. నంబరు రాసిన. జీపెక్కిన.

ఇదే ఆ సీస.
కరెంటు లేకున్నా కంటికే తెలుస్తుంది,
మందు పోయంగనే ఎరుపు సగం చచ్చింది.
ఆమె ఎముకలకు ఎన్నడో తెలిసిన సంగతి
నాకు ఇప్పుడు తెలుస్తున్నది.

"నువ్వు చూసే చుక్కలు ఇంకా ఉన్నయా?"
"పెద్దవన్నీ ఎప్పుడో పేలిపోయినయి సారూ."
"మరి చూసి ఏం ఫాయిదా?"
తెర మీద నుంచి కన్ను తీయలేదు.
"ఒకటి చూస్తే ఏం లేదు. వేలకు వేలు చూస్తే
లోకానికి ఏ ఈడుల కాన్పులు ఎక్కువో,
ఎప్పటిసంది తగ్గినయో తెలుస్తది."

కరెంటొచ్చింది. ఫ్యాను మూలిగింది.
రిజిస్టర్ల అంకె ఎక్కించి
ఇన్నేండ్లల్ల ఏమీ రాయని రిమార్కుల గడిల
'ఈదమ్మకు చెప్పాలె' అని రాసిన.
తస్లీమా తొంగి చూసింది.
"రేపు జీపు లేదు సారూ."
"చండూరు దాకా బస్సుంది."

ఇంకేం అనలేదు.
ఒక మసక గీత దగ్గర చానాసేపు ఆగి
కావొచ్చు, అన్న గుర్తు పెట్టి
లాప్‌టాప్ మూసింది.