తొంభై నాలుగు శాతం

గుణుపురంలో మా స్టూడియో గోడకి నీలం తెర.
దాని ముందు ఊరినంతా
దమయంతి నిటారుగా కూర్చోబెడతాది.
"గెడ్డం పైకి. కళ్లు మూయకు."
ఆరు కాపీలు నలభై రూపాయలు.

సంత రోజున కొండ దిగొచ్చిన సవర ముసలామె
బ్యాంకు పుస్తకానికి ఫొటో అని కూర్చుంటే
ముందు ఆమె భుజమ్మీద పాకే గొంగళిపురుగుని తీసింది,
తర్వాతే ఆమెని.
ముసలామె నవ్వింది.
ఆ నవ్వు బ్యాంకుకి పనికిరాలేదు.

రాత్రి తొమ్మిదికి షట్టరు సగం దించి
వేరే పని మొదలుపెడతాది.
ఎవడో కుర్రాడు, ఏ దేశమో,
పేరు పలకడానికి నా నాలుక తిరగదు,
కంప్యూటర్లో కట్టిన చప్పుళ్లు పంపుతాడు.
మాట లేదు, గొంతు లేదు.
దూరంగా రైసుమిల్లు ఆడుతున్నట్టు ఒక దడ,
పైన రేకుల మీద వడగళ్లు,
అడుగునెక్కడో నీరందని బోరింగు గుటకలు.
"ఏటిది?" అన్నాను మొదటిసారి.
"నీకేటి కనబడింది?" అంది.
ఏమీ లేదన్నాను.
అబద్ధం.
నౌపడా నుంచొచ్చే చిన్నరైలు
బొగ్గు నలుసు నా కంట్లో పడేసిన సాయంత్రం కనబడింది.

ఎవరూ నేర్పలేదామెకి.
పెళ్లి వీడియోల్లో గులాబీలు రాల్చడం,
వధూవరుల మధ్య గుండెకాయ ఎగరేయడం
నేను నేర్పాను.
రెండూ మొదటి నెలలోనే మరిచిపోయింది.
మిగతాది తప్పులు నేర్పాయి.

మా ఆవిడ పెళ్లినాటి గాజుపళ్లెం,
అందులో నీళ్లు, నీళ్ల మీద ఆముదం,
ఆముదంలో చిటికెడు పసుపు,
కిందనుంచి టార్చిలైటు.
దడ పడిన ప్రతిసారీ పళ్లెం అంచుని వేలితో తట్టేది.
సూర్యుళ్లు విడిపోయాయి, అతుక్కున్నాయి,
ఒకటి ఇంకోదాన్ని మింగి ఊరుకుంది.
ఏ సాఫ్ట్‌వేరు అని అడిగాడట కుర్రాడు.
"ఆముదం" అని రాసి పంపింది.

ఇంకోనాడు వంశధార ఒడ్డున బోర్లా పడుకుని
నీటిమీద నడిచే పురుగు
కాళ్లకింద పడే సొట్టల్ని గంటన్నర తీసింది.
గొడుగు పట్టింది నేనే.
ఇసుక ట్రాక్టరువాళ్లు ఆపి అడిగారు, ఏం పోయిందని.
"ముక్కుపుడక" అంది తల ఎత్తకుండానే.
పాపం, వాళ్లూ దిగి వెతికారు.

అన్నీ కుట్టి, చివరికి
కంప్యూటరు వీడియో వండుతుంటే
తొంభై, తొంభై రెండు, తొంభై నాలుగు.
కరెంటు పోయింది.
ఇన్వర్టరు కుయ్యిమని అదీ పోయింది.
నేను తిట్టాల్సినవాళ్లందర్నీ తిట్టాను,
ఒడియాలో కొంత, తెలుగులో కొంత.
ఆమె మాట్లాడలేదు.
సెల్‌ఫోను వెలుగు గోడమీదకి తిప్పింది.

నీలం తెర అంచు వెంట చీమల బారు.
తూనీగ రెక్క ఒకటి నిలబెట్టి మోస్తున్నాయి,
ఊరేగింపులో గొడుగులా.
మడత దగ్గర ఆగాయి,
వెనక్కి జరిగాయి,
రెక్కని పడుకోబెట్టి మడత దాటి
మళ్లీ నిలబెట్టాయి.
బయట కాలవలో కప్పలు.
వాటి లెక్కకి ఆమె బొటనవేలు ఊగుతోంది.
"చివర తీసేస్తాను" అంది,
"ఇది పెడతాను."

ఇరవై ఏళ్లుగా ఆ గోడని తుడుస్తున్నది నేను.
ఏ పొద్దూ చూడలేదు ఆ మడత.

మూడొందల పన్నెండుమంది చూశారు దాన్ని.
అందులో నలభైసార్లు నేనే.
కుర్రాడు డబ్బులు పంపాడు,
బ్యాంకువాడు ఎక్కణ్నుంచని నాలుగు కాగితాలు రాయించుకుని
రెండు వేల చిల్లర చేతిలో పెట్టాడు.
దాంతో ఆమె ఒక భూతద్దం కొంది,
మా ఆవిడకి కొత్త పళ్లెం.

పొద్దున్న మళ్లీ నీలం తెర.
పరీక్ష ఫారానికి ఫొటో అని వణుకుతూ ఒక కుర్రాడు.
"గెడ్డం పైకి. కళ్లు మూయకు."

చీమల సుద్దముక్క కొనడం నేను మానలేదు.
గీత మాత్రం
కొంచెం పక్కకి గీస్తున్నాను.