పధ్నాలుగో గీత

శనివారం గాలి లేదు.
రోమో దీవి దక్షిణపు ఇసుక మీద
నలభై రెండు బగ్గీలు, మూడేసి చక్రాలతో,
కట్టు విప్పని దూడల్లా నిలబడి ఉన్నాయి.
వెదురు కొసన కట్టిన ఎర్రగుడ్డ
ఆరేసి మర్చిపోయిన మేజోడులా వేలాడింది.

గాలి లేని చోట గాలి కబుర్లకేం తక్కువ!
హుసుమ్ నుంచి వచ్చిన త్యార్క్
పోయినేడు తన గాలిపటం ఓ మనిషిని ఎత్తి
కారు మీద కూర్చోబెట్టిందన్నాడు.
కారు కాదు, వ్యాను అన్నారు పక్కనవాళ్లు.
సాయంత్రానికి ఆ మనిషి నార్వే చేరేవాడే,
థర్మాసుల్లో కాఫీ అయిపోకపోతే.

ఆస్గెర్ మాత్రం నోరు విప్పలేదు.
అరవై ఏడేళ్లు, ఎడమ మోకాట్లో స్టీలు.
ఇసుకలో చతికిలబడి
సోల్వై పటం దారాల చిక్కు తీస్తున్నాడు.
పన్నెండేళ్ల పిల్ల. ల్యాండ్‌బోర్డు మీద తొలి పోటీ.
నాలుగు దారాలు, ఒక్కోటీ ఇరవై ఐదు మీటర్లు,
పిల్లి ఆడుకున్న ఉన్నిలా.
"లాగకమ్మా, బిగుస్తుంది."
పళ్లతో కొరకబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.
పొద్దు గుంకాక హెడ్‌లైట్ వెలుగులో
ఆఖరి ముడి విడిపోయింది.

నా సంగతీ చెప్పాలి.
ముప్పై ఏళ్లు ఫెర్రీలో టికెట్లు చించాను.
ఎక్కినవాళ్లెందరో దిగినవాళ్లెందరో
ఒక్కనాడూ లెక్క తప్పలేదు.
అందుకే నాకొక పెన్సిలూ అట్టా మడతకుర్చీ ఇచ్చి
బగ్గీల చుట్లు లెక్కపెట్టమన్నారు.
చుట్టుకో గీత.
అంతే పని.

ఆదివారం తెల్లారేసరికి
గుడారం తాళ్లు ఈలలు వేస్తున్నాయి.
పడమటి గాలి. టోపీని కాదు, జుట్టునే పట్టుకెళ్లేంత.
పటాలన్నీ ఒక్కసారి లేచి
చాకిరేవులో దుప్పట్లు జాడించినట్టు
దబదబలాడాయి.
కాళ్లతో ముందు చక్రాన్ని తిప్పుతూ
చేతులతో ఆకాశాన్ని గుంజుతూ
నేలకి జానెడెత్తున, పడుకున్నట్టే కూర్చుని,
పోయారు.
తడి ఇసుక ముఖాన కొట్టి పోయారు.

గీత. గీత. త్యార్క్‌కి గీత.
ఆస్గెర్‌కి గీత.
కళ్లలో ఉప్పు. తుడుచుకోవడం, గీత.

మూడున్నరకనుకుంటా,
అవతల కోన్‌ల వెనక సోల్వై ఎగిరింది.
ఎగిరాక దిగాలి కదా,
దిగలేదు.
బోర్డు అడుగున ఎవరో వేసిన కుందేలు బొమ్మ కనిపించింది.
నాలుగు చక్రాలూ ఊరికే తిరుగుతున్నాయి.
వాటిలోంచి ఇసుక రాలడం కూడా చూశాను,
అంతసేపుంది పైన.
తర్వాత మోకాళ్ల మీద పడి, దొర్లి, లేచి,
పటాన్ని తిట్టి, నవ్వింది.

నేను కాయితం వైపు తిరిగాను.
ఆస్గెర్ వరసలో పదమూడు గీతలు.
ఒక బగ్గీ చప్పుడు దూరమవుతోంది.
ఎవరిదో వీపు.

పధ్నాలుగంటాడు ఆస్గెర్.
పదమూడంటుంది కాయితం.
పధ్నాలుగైతే రెండో స్థానం, కాకపోతే ఆరు.
నేను చూడలేదని చెప్పాను.
చూడనిది గీయలేమన్నారు పెద్దలు.
న్యాయమే.
చక్రాల జాడలు చూద్దామని
టేపు పట్టుకుని ముగ్గురు బయల్దేరారు.
అప్పటికే మలుపు దగ్గర నీళ్లు,
ఓ పక్షి ముక్కుతో పొడుస్తూ ఏదో వెతుక్కుంటోంది.
బూట్లు తడిపించుకుని వెనక్కొచ్చారు.

చీకటి పడుతుంటే ట్రైలర్ దగ్గరికెళ్లాను.
నూనెగుడ్డతో చక్రాలు తుడుస్తున్నాడు.
"ఆ పిల్లని చూస్తూ ఉండిపోయాను ఆస్గెర్,
నీ గీత అక్కడ పోయింది."

గుడ్డ ఆగింది.
ఆరో స్థానం గురించి ఏదో అంటాడని
కోటు గుండీలు పట్టుకుని నిలబడ్డాను.

"ఎంత ఎత్తు లేచింది?" అన్నాడు.

చెయ్యి పైకెత్తి చూపించాను.
చాల్లేదు.
మడతకుర్చీ విప్పి, దాని మీదికెక్కి,
మళ్లీ ఎత్తాను.