వేలిముద్ర పడలేదండి

అర్జీ నేనే రాశాను.
రొయ్యల షెడ్డులో తొమ్మిది దాకా చదివింది
నేనొక్కదాన్నే మరి.

"భీమవరం లేబరాఫీసు వారి దివ్యసముఖమునకు" అని మొదలెట్టి
ఆ పైన తోచక
కలం మూత కొరుక్కుంటూ కూర్చున్నాను.
సువార్తమ్మత్త అంది:
"రొయ్యని వలిచినట్టే వలిచెయ్యవే.
ముందు తల, తర్వాత తొక్క, ఆఖర్న నరం."

తల: మూడు నెలల కూలి బాకీ.
తొక్క: కిలోకింత అని ఒప్పుకుని
ఐసు బరువని కొంత కోసి, గ్లవ్సులకని కోసి,
ఎక్కమన్న వ్యానుకే కిరాయి కోసి...
నరం దగ్గర చెయ్యాగింది.

తెల్లారగట్ట నాలుగింటికి యనమదుర్రు గట్టు మీద వ్యాను.
చీకట్లో చెరువుల నిండా ఏరేటర్ల చప్పుడు.
షెడ్డు గుమ్మంలో గోడకి మిషను, వేలు పెట్టాలి.
ఐసులో నానీ నానీ, ముల్లు గీరీ గీరీ
మా వేళ్ళ మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.
"ప్లీజ్ ట్రై అగైన్" అంటాది మిషను
ఆడగొంతుతో, ఎంతో మర్యాదగా.
మళ్ళీ పెడతాం. మళ్ళీ అంటాది.
లోపల సరుకు ఆగదు గదా,
వెళ్ళి వలుస్తాం.
నెలాఖరుకి బుల్లియ్య మేస్త్రి కాగితం ఊపుతాడు:
"పదకొండు రోజులే వచ్చావు నాగరత్నం."

మేం చేసిన పనే
మేం పనిచేశామన్న గుర్తుని తినేసిందండి.
అదీ నరం. అదే రాశాను.

కంపెనీ గుమస్తా ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు.
"వీళ్ళు మా మనుషులు కారండి, మేస్త్రి మనుషులు."
మేస్త్రి ఫోను స్విచ్ఛాఫు.
ఆఫీసరమ్మ తలెత్తకుండానే అంది:
"మేస్త్రి ఎగ్గొడితే కంపెనీ కట్టాలి.
హాజరు పట్టీ చూపించాల్సింది కూడా మీరే, వాళ్ళు కాదు."

చట్టమంటే జీపులో వస్తాదనుకున్నానిన్నాళ్ళూ.
ఫ్యాను తిరగని గదిలో
కళ్ళజోడు తుడుచుకుంటా కూడా ఉంటాదని
నాకేం తెలుసు?

అత్త సంచిలోంచి చర్చి క్యాలెండరు తీసింది.
గడిగడికీ బొగ్గు గీతలు, ట్రేకొక గీత.
ఆదివారాల గడుల్లోనూ గీతలే.
"ఇది చెల్లుద్దా అమ్మా?"
"జత చెయ్యండి, చూద్దాం."

ఇక వేలిముద్ర.
అత్త బొటనవేలు ఇంకులో ముంచి కాగితం మీద అద్దింది.
నల్లటి కోడిగుడ్డు.
లోపల ఒక్క గీత లేదు.
రెండో చెయ్యి.
అదీ అంతే.
ఆఫీసరమ్మ ఆ మచ్చకేసి చాలాసేపు చూసి
"నాగరత్నం, దీని కింద రాయి" అంది,
"ఏం కనపడుతోందో అదే రాయి."

వాయిదా పద్దెనిమిదో తారీకు.
ఆ రోజు కూలి ఎటూ పోద్ది, నలుగురికి బస్సు ఛార్జీ కూడాను.
అర్జీలో చోటు మిగిలితే
అదీ రాసేశాను.