పది లెక్కపెట్టేలోపు

పుంతా అరేనాస్‌లో గాలికి తలుపులంటే లెక్కలేదు.
ఆసుపత్రి మెట్ల పక్కన, పట్టుకోడానికి తాడు కట్టారు.
తాడు పట్టుకునే ఎక్కాను,
గాలికి కాదు,
వెనక్కి తిరిగిపోతానేమోనని.

నా పని ఫ్యాక్టరీలో పీతలు ఒలవడం.
ఎర్ర పెంకు నిండా బుడిపెలు, బుడిపెకో ముల్లు.
అందుకే స్నానాల గదిలో
కళ్ళకంటే ముందు వేళ్ళు గుర్తుపట్టాయి.
మొదట మూడు. వారానికి ఐదు.
గోబీపువ్వు రవ్వల్లా, నొప్పీ గిప్పీ లేకుండా.
నొప్పుంటే బాగుండు, ఎవరికైనా చెప్పుకునేదాన్ని.

మంత్రసాని ఎలియానా బార్రియా కాళ్ళు మడవమంది.
పైకప్పులో ఒక పెచ్చు ఊడి ఉంది, దాన్నే చూశాను.
"పులిపిర్లే," అంది,
సంతలో బంగాళాదుంపలు ఏరే గొంతుతో.
"క్యాన్సరా?"
"వీటిని తెచ్చే వైరస్ దాదాపుగా ఆ జోలికి పోదు.
పోయేవి వేరే ఉన్నాయి. వాటికి పరీక్ష వేరు, అదీ చేద్దాం."

నోట్లో ఇంకో ప్రశ్న నానుతోంది.
దాని పేరు ఒవిదియో.
పదకొండేళ్ళ కాపురం, ఏడాదికి ఆర్నెల్లు ఓడమీద.
ఏ రేవులో? ఎవరితో?
ఆమె ఫ్లాస్కు మూత తీస్తూ అంది:
"ఒంట్లో నెలలు పడుకుంటుంది, ఒక్కోసారి ఏళ్ళు.
ఎప్పుడొచ్చిందో తారీఖు రాసి ఉండదు.
అతనికి ముందు నీకెవరూ లేరా?"
ఉన్నాడు. పోర్వెనీర్‌లో గొర్రెబొచ్చు కత్తిరించే కుర్రాడు.
చెప్పలేదు.

ఫ్లాస్కులోంచి తెల్లటి పొగ.
"నైట్రోజన్. ముందు చలి, తర్వాత మంట. పది లెక్కపెట్టు."
ఈ ఊళ్ళో పుట్టినదానికి చలి నేర్పుతుందట!
నాలుగు దగ్గర నవ్వు పోయింది.
ఏడు దగ్గర మేరీమాతను తిట్టి, చెంపలేసుకున్నాను.

"రెండు వారాలకోసారి రా. మూడు, నాలుగు సార్లు పట్టొచ్చు.
పోయాక మళ్ళీ మొలిస్తే హడలిపోకు.
ఆ వెల్లుల్లి రాయడం మానెయ్, వాసనొస్తోంది.
కండోమ్ వాడండి,
పూర్తి కాపలా కాదు, తలుపు దగ్గరికి వేసినట్టు.
అతన్ని పంపు."

జూన్‌లో దిగాడు.
పొయ్యిమీద కెటిల్ అరుస్తుంటే, దానికంటే గట్టిగా చెప్పాను.
ఒవిదియో కెటిల్ దించాడు.
బెల్టు విప్పి దీపం దగ్గరికొచ్చాడు.
బ్యాటరీ యాసిడ్ కాల్చిన మచ్చ,
పక్కనే కొత్తవి రెండు.
"ఎన్నాళ్ళయింది?"
"రెండేళ్ళు. సిగ్గేసింది."

రెండేళ్ళుగా దీపం ఆర్పమనేది ఇందుకా!
నా పొట్ట చూడలేకేమో అనుకున్నాను.

క్షమించావా అంటే, ఏమో.
ఎవరు ఎవరిని, అదీ తెలీదు.
మర్నాడు మాత్రం ఒకే తాడు పట్టుకుని మెట్లెక్కాం.

బెంచీమీద కూర్చుని, మోకాలిమీద పెట్టుకుని
బడి పంపిన కాగితం మీద సంతకం చేశాను:
నాలుగో తరగతి, అమారో, టీకాకు సమ్మతి.
పెన్ను సరిగ్గా రాయలేదు.
తలుపవతల ఒవిదియో లెక్కపెడుతున్నాడు.
ఆరు దగ్గర ఆగిపోయాడు.

ఏడు,
నేనన్నాను.