నడుము కొలత

మసీలా కటుమో జీవితం
నా దగ్గర అంగుళాల్లో ఉంది.

బజారు వెనక, పిండిమిల్లు గోడకానుకుని
నా కుట్టుమిషను, పక్కన నీలం అట్ట పుస్తకం.
అందులో ఆయన పేరు మొదటిసారి ఎక్కినప్పుడు
నడుము ఇరవై ఎనిమిది.
బడిపంతులు. కాళ్లకు టైరు చెప్పులు.
ప్యాంటుకి గుడ్డ చాలక
జేబుల లోపలికి గోధుమపిండి సంచి కత్తిరించాను.
"కనపడని చోట ఏదుంటే ఏం" అన్నాడు.
ఇద్దరం నవ్వుకున్నాం.

వానలు వరసగా రెండుసార్లు మొహం చాటేసిన ఏడు
తివా నది ఇసుకలో ఆడవాళ్లు
మోచేతులు మునిగేదాకా, భుజాలు మునిగేదాకా
తవ్వుతుంటే
చొక్కా విప్పి తనూ గోతిలోకి దిగాడు.
చెమ్మ తగిలిన చోట ముళ్లకంప ఒకటి పాతి
"ఇక్కడ ఆనకట్ట కట్టిస్తా" అన్నాడు.
ఆ సాయంత్రమే నాయకుడయ్యాడు.
పదవి చాలా తర్వాత వచ్చింది.

అప్పట్లో ఓటంటే కాగితం కాదు, వరుస.
ఎవరి బొమ్మ వెనక వాళ్లు నిలబడాలి,
అందరి కళ్లముందూ.
ఆయన వరుస సంత దాటి, చర్చి దాటి
మేకల దొడ్డి దగ్గర మలుపు తిరిగింది.
అవతలాయన వెనక నలభై మంది,
వాళ్లలో పోలీసులే పదకొండు మంది.
అధికారి గొంతు సవరించుకుని
పొట్టి వరుసే గెలిచిందన్నాడు.
లెక్కలు రానివాళ్లలా ఇళ్లకు పోయాం.
ఆ రాత్రి నా కొట్లో లాంతరు ముందు కూచుని
ఊడిన గుండీ కుట్టించుకున్నాడాయన.
దారం తెంపేదాకా ఒక్క మాట లేదు.

నాలుగేళ్లకు పెట్టెలొచ్చాయి, చీటీలొచ్చాయి.
ముప్ఫై రెండు. మొదటి కోటు, బూడిద రంగు.
మాటలు కోటలు దాటేవి,
నేను కోటు భుజాలు సరిచేసేవాణ్ణి.
ముప్ఫై ఆరు. సహాయ మంత్రి.
ముప్ఫై తొమ్మిది. గుడ్డ నైరోబీ నుంచి, ఇటలీదట.
చేతికి ఎముక లేదు మనిషికి.
ఎవరు పోయినా శవపేటిక, ఎవరి పిల్లకైనా బడి ఫీజు,
ప్రతి హరంబీకీ ఓ బరువైన కవరు.
ఆ కవరు లోపలి గుడ్డ ఏ సంచిదో
ఎవరూ విప్పి చూడలేదు.
నేనూ చూడలేదు. నా కూతురు కవేని నర్సు చదువు
అందులోంచే నడిచింది.

ఆనకట్టకు మూడుసార్లు పునాదిరాయి పడింది.
మూడు రాళ్లూ ఉన్నాయి ఇప్పటికీ,
ఎండిన నది గట్టున, పొయ్యి రాళ్లలా.
మేకలు కాసే పిల్లలు వాటి మధ్య నిజంగానే
పుల్లలు ముట్టించి మొక్కజొన్నలు కాల్చుకుంటారు.

నలభై రెండు.
టేపు పట్టుకుని ఆయన చుట్టూ చేతులు కలపబోతే
కలవలేదు. నా చెవి ఆయన పొట్టకు ఆనింది.
లోపల ఏదో, ఘాట్ రోడ్డెక్కే మతాటూలా
మూలుగుతోంది.
"ఆనకట్ట?" అన్నాను. జన్మలో అదొక్కసారే అడిగాను.
"ఊపిరి బిగబట్టాను, తొందరగా కొలువు" అన్నాడు.

ఆయన్ని ఓడించింది స్యొంబువా.
ఆయన దగ్గరే ఏడో తరగతి చదివింది.
ఆనాడు ఇసుక తవ్విన ఆడవాళ్లలో
ఒకరి కూతురు.
ఆమె కూడా ఆనకట్ట గురించే మాట్లాడుతుంది.
బట్టలు మాత్రం నా దగ్గర కుట్టించుకోదు.

నిన్న మధ్యాహ్నం వచ్చాడు,
అద్దె మోటారుసైకిలు వెనక కూచుని, ఒంటరిగా.
సంచీలో నాలుగు పాత ప్యాంట్లు.
"చిన్నవి చెయ్యాలి."
ముప్ఫై. మిగతాదంతా చక్కెర జబ్బు తినేసింది.

కుట్లు విప్పాను.
ఇంకా పెరుగుతాడని ప్రతిసారీ
నడుము మడతలో నేను వదిలిన గుడ్డ
ఎండ తగలక, సబ్బు తగలక
కొన్ననాటి రంగులోనే ఉంది.
దాని మీద ఆయన బొటనవేలితో కాసేపు రాశాడు.

"పుస్తకంలో ఎక్కించావా?"
"ఎక్కించాను."
"ఎవరికీ చూపించకు."

దాహమన్నాడు.
డబ్బా ఇరవై షిల్లింగులు, తివా ఇసుకలోంచి తోడిన నీళ్లు.
రేకు గ్లాసు నిండా పోసిచ్చాను.
గుక్క మధ్యలో ఆగాడు, పంటి కింద ఏదో కరకరమంది.
ఉమ్మలేదు.
మింగాడు.